కెడిల్‌స్టన్ హాల్: ప్రధాన భవనం, ఉపభవనాలు - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంగ్లండులోని డెర్బీషైర్ ప్రాంతంలో 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో వెలసిన కెడిల్‌స్టన్ హాల్, ఆ దేశపు గ్రామీణ సౌధాలలో ప్రసిద్ధమైనది. వాస్తు చరిత్రకారుల ప్రశంసలో ఎక్కువ భాగం దాని ప్రధాన భవనానికీ, రాబర్ట్ ఆడమ్ తీర్చిదిద్దిన పాలరాతి హాలుకూ, గుమ్మటం కింది వృత్తాకార మందిరానికీ దక్కింది. వంటశాల ఉన్న పార్శ్వ భవనం, కుటుంబం నివసించిన పార్శ్వ భవనం, సరస్సు ఒడ్డున ఉన్న చేపల వేట మండపం మాత్రం అనుబంధ విషయాలుగా మిగిలిపోయాయి. ప్రధాన భవనాన్ని ఉపభవనాల నుంచి విడదీసి చదివితే కెడిల్‌స్టన్ సగమే అర్థమవుతుందనీ, నివాసం అనే ధర్మాన్ని అక్కడ మోసినవి ఉపభవనాలేననీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. ఇదే నమూనా భారతదేశానికి వచ్చినప్పుడు ఆ సంబంధం ఎలా మారిందో కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: కెడిల్‌స్టన్ హాల్, రాబర్ట్ ఆడమ్, పల్లాడియో, ఉపభవనం, వంటశాల, చేపల వేట మండపం, కలకత్తా గవర్నమెంట్ హౌస్, హైదరాబాద్ రెసిడెన్సీ.

1. ఉపోద్ఘాతం

ఒక ఇంటిని గురించి చెప్పమంటే చూసినవారు ముందుగా దాని వీధి వాకిలిని వర్ణిస్తారు. ఆ ఇంట్లో బ్రతికినవారు పెరటిని, వంటింటిని, నీళ్ళ చోటును తలచుకుంటారు. కట్టడాల మీద వచ్చిన విమర్శ ఎక్కువగా మొదటి పద్ధతిలోనే నడిచింది. ఇంగ్లండులో కంట్రీ హౌస్ అని పిలిచే గ్రామీణ సౌధాల విషయంలో ఇది మరీ స్పష్టం. విశాలమైన ఎస్టేటు నడుమ భూస్వామి కట్టించుకున్న ఈ సౌధాలకు గుర్రపుశాలలు, వంటశాలలు, పడవశాలలు, స్నానగృహాలు, ఉద్యానమండపాలు తప్పనిసరి అంగాలు. అయినా వాటి చరిత్ర సాధారణంగా ముఖమండపంలోని స్తంభాల వరుసతో మొదలై లోపలి పైకప్పు అలంకరణతో ముగుస్తుంది.

ఈ పద్ధతి లోపాన్ని చూపడానికి కెడిల్‌స్టన్ హాల్ తగిన ఉదాహరణ. ఇక్కడ ప్రధాన భవనం అసాధారణమైన కళాసృష్టి కావడంలో సందేహం లేదు. ఆ కళాసృష్టిలో ఎవరు నివసించారన్న ప్రశ్న వేసినప్పుడు మాత్రం సమాధానం పక్కనున్న భవనాలలో దొరుకుతుంది. ప్రధానం, అప్రధానం అనే విభజనను కట్టడమే తలకిందులు చేస్తున్నప్పుడు విమర్శ దానిని గమనించకపోవడం సరికాదు.

2. నిర్మాణ నేపథ్యం

డెర్బీ పట్టణానికి వాయవ్య దిశలో ఉన్న కెడిల్‌స్టన్, 12వ శతాబ్ది నుంచి కర్జన్ వంశీయుల అధీనంలో ఉంది. 1758లో ఎస్టేటుకు వారసుడైన నథానియల్ కర్జన్, తరువాతి కాలంలో మొదటి బారన్ స్కార్స్‌డేల్, అంతకుముందున్న ఇటుక భవనాన్ని తీసివేయించి కొత్త సౌధానికి పూనుకున్నాడు. 1759లో పని మొదలైంది. మాథ్యూ బ్రెటింగ్‌హామ్ మొదటి వాస్తుశిల్పి. అతని తరువాత జేమ్స్ పెయిన్, ఆపైన రాబర్ట్ ఆడమ్ బాధ్యత తీసుకున్నారు. కట్టడానికి ఆధారమైన పథకం ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియోది. 1570లో వెలువడిన తన వాస్తుగ్రంథంలో అతడు విల్లా మొచెనిగో అనే నిర్మాణానికి ఒక నమూనా ఇచ్చాడు. నడుమ ప్రధాన భవనం, నాలుగు మూలలా నాలుగు చిన్న భవనాలు, వాటిని కలుపుతూ వంపు తిరిగిన నడవలు ఉండడం దాని ప్రత్యేకత. కెడిల్‌స్టన్‌లో ఈ నాలుగింటిలో ఉత్తర దిశలోని రెండు మాత్రమే పూర్తయ్యాయి. దక్షిణ దిశలోని రెండూ కాగితం మీదనే ఉండిపోయాయి.

ఆడమ్ ఈ నిర్మాణంలోకి వచ్చిన తీరు ఇక్కడ గుర్తించదగినది. ఇటలీ నుంచి 1758లో తిరిగివచ్చిన ఆ యువ వాస్తుశిల్పికి కర్జన్ తొలుత అప్పగించినవి ఉద్యానంలోని చిన్న కట్టడాలు. వాటి చిత్రాలు చూసి మెచ్చిన తరువాతనే 1760లో మొత్తం సౌధం అతని చేతికి వచ్చింది. కెడిల్‌స్టన్‌లో ఆడమ్ ప్రతిభకు మొదటి గుర్తింపు ఉపభవనాల ద్వారా వచ్చిందన్న మాట.

3. ప్రధాన భవనం: చూపు కోసం కట్టిన కట్టడం

ఉత్తర ముఖం పెయిన్ రూపకల్పనను అనుసరించింది. ఆరు స్తంభాల ముఖమండపం సందర్శకుణ్ణి దూరం నుంచే ఆజ్ఞాపిస్తున్నట్లు ఉంటుంది. దాన్ని దాటగానే పాలరాతి హాలు. దాదాపు 25 అడుగుల ఎత్తుగల 20 అలబాస్టర్ స్తంభాలు రెండు వైపులా నిలబడి ఉంటాయి. రోమన్ గృహాలలోని తెరపి వాకిలిని తలపించేలా వెలుతురు పైకప్పులోని అద్దాల నుంచి దిగుతుంది, పక్క గోడలకు కిటికీలు లేవు. గోడగూళ్ళలో ప్రాచీన శిల్పాల నకళ్ళు ఉన్నాయి. హాలు దాటిన వెంటనే వృత్తాకార మందిరం. రోమ్‌లోని పాంథియన్‌ను మనసులో పెట్టుకుని చేసిన దీని గుమ్మటం 62 అడుగుల ఎత్తుకు లేస్తుంది. గదిని వెచ్చబరిచే పొయ్యిలు కూడా బలిపీఠాల ఆకారంలో గోడగూళ్ళలో ఒదిగి ఉన్నాయి. దక్షిణ ముఖాన్ని ఆడమ్ కాన్‌స్టంటైన్ విజయతోరణం పద్ధతిలో మలిచాడు.

ఉత్తరాన ఆలయంలాంటి ముఖం, దక్షిణాన విజయతోరణం, నడుమ సభామందిరం, గుమ్మటం అన్నీ ప్రాచీన రోమ్ ప్రజాస్థలాల రూపాలే. ఒక కుటుంబం నివాసానికి ఒక నగరపు భాషను వాడారు. ఆడమ్ గొప్పతనం ఆ భాషను ఎక్కడా పొల్లుపోకుండా పలికించడంలో ఉంది. చిక్కల్లా ఆ భాషలో ఇంటి మాటలు లేకపోవడమే.

ఈ చిక్కును మొదట పట్టుకున్నవారిలో శామ్యూల్ జాన్సన్ ఒకడు. 1777లో జేమ్స్ బాస్వెల్‌తో కలిసి కెడిల్‌స్టన్ చూసిన జాన్సన్, ఈ కట్టడం పురపాలక భవనంగా చక్కగా పనికివస్తుందనీ, స్తంభాల హాలులో న్యాయమూర్తులు కొలువుతీరవచ్చనీ ఎత్తిపొడిచినట్లు బాస్వెల్ నమోదు చేశాడు. హాలులో వెలుతురు చాలదనీ, నాట్యానికి తప్ప ఉపయోగపడదనీ, పడకగదులు సామాన్యంగా ఉన్నాయనీ, ఇంత సొమ్మును వివేకంతో ఖర్చుపెట్టలేదనీ అతని అభిప్రాయం. దీనిని వాస్తుకళ తెలియని సాహిత్యకారుడి వెటకారంగా కొట్టివేయడం తేలిక. నిజానికి ఇది ఖచ్చితమైన వర్ణన. కర్జన్ ఈ సౌధాన్ని మొదటి నుంచీ సందర్శకులకు తెరిచి ఉంచాడు. ఇంటి నిర్వాహకురాలు అతిథులను వెంటబెట్టుకుని గదులు చూపించేది. చిత్రాల, శిల్పాల జాబితా అచ్చువేయించారు. దూరం నుంచి వచ్చేవారి కోసం ఒక సత్రాన్ని కూడా కట్టించారు. తూర్పు వైపు సంగీతానికి, చిత్రకళకు, గ్రంథాలకు వరుసగా గదులు కేటాయించడం కూడా ఒక కళాశాల ప్రణాళికలాగే ఉంటుంది. జాన్సన్ నిందగా చెప్పినదే యజమాని ఉద్దేశం. ప్రధాన భవనం ఇల్లుగా విఫలమైందనడం కన్నా, అది ఇల్లు కావాలని ఎన్నడూ ప్రయత్నించలేదనడం న్యాయం.

4. పార్శ్వ భవనాలు: సౌష్ఠవం వెనుక అసమానత

అలాగైతే ఇల్లు ఎక్కడ ఉంది? తూర్పున ఉన్న పార్శ్వ భవనంలో ఉంది. బ్రెటింగ్‌హామ్ ముందుగా కట్టినది అదే. కర్జన్ కుటుంబం దైనందిన జీవనం సాగించినది అక్కడే. తక్కువ ఎత్తు గదులు, చేతికందే కిటికీలు, వెచ్చబరచడానికి వీలైన కొలతలు ఆ భవనానికి ఉన్నాయి. పడమటి పార్శ్వ భవనంలో వంటశాల, దానికి సంబంధించిన సేవాస్థలాలు ఉన్నాయి. ప్రధాన భవనంలో భోజనశాలను పడమటి వైపు ఉంచడానికి కారణం ఈ పొరుగే.

ఈ రెండు పార్శ్వ భవనాలనూ బయటి నుంచి చూస్తే ఒకదానికొకటి ప్రతిబింబాల్లా ఉంటాయి. యజమాని పడకగది ఏదో, వంటవారు చెమటోడ్చే గది ఏదో ముఖం చూసి చెప్పడం సాధ్యం కాదు. సౌష్ఠవం కోరిన వాస్తు, యజమానికీ సేవకుడికీ ఒకే ముఖం తొడిగింది. దీనిని సమానత్వంగా పొరబడరాదు. ముఖం ఒకటైనా లోపలి జీవితాలు వేరు. ఒక పక్క నుంచి వంపు నడవ గుండా నడిచివచ్చేవాడు అతిథులను ఆహ్వానించడానికి వస్తాడు. రెండవ పక్క నుంచి వచ్చేవాడు పళ్ళెం పట్టుకుని వస్తాడు. నిప్పు, పొగ, వాసన భోజనశాలకు చేరకూడదని వంటశాలను ఎడంగా పెట్టారు. ఆ దూరం ఖరీదును పదార్థాలు చల్లారకముందే తేవలసిన సేవకుల కాళ్ళు చెల్లించాయి.

ఈ వంటశాల పొయ్యి మీద ఒక సామెత చెక్కి ఉంది. వృథా చేయకపోతే లేమి రాదని దాని భావం. ఆ హితవు వంటవారి కళ్ళెదుట ఉంది. అలబాస్టర్ స్తంభాలకు, ఎన్నడూ ముగియని నాలుగు మూలల పథకానికి సొమ్ము ధారపోసిన చోట అలాంటి హితవు ఏదీ లేదు. పొదుపు సేవకుల ధర్మం, వైభవం యజమాని ధర్మం అనే విభజన ఇంత సూటిగా రాతిలో కనిపించడం అరుదు. ప్రధాన భవనం అలంకరణను పుటలకొద్దీ వర్ణించే విమర్శ ఈ పొయ్యి దగ్గర కాసేపు ఆగి ఉంటే కెడిల్‌స్టన్ అర్థం మరింత విశాలమయ్యేది.

5. చేపల వేట మండపం

ప్రధాన భవనానికి దూరంగా, సరస్సు ఒడ్డున 1770 - 1772 మధ్య ఆడమ్ కట్టిన చేపల వేట మండపం ఈ చర్చకు కీలకం. పరిమాణంలో అది సౌధంలోని ఒక గదిపాటి చేస్తుంది. అందులోనే మూడు అవసరాలు ఇమిడిపోయాయి. నీటి మట్టానికి దగ్గరగా పక్కల పడవలు నిలిపే చోటు, కింద చన్నీటి స్నానకుండం, పైన చేపలు పట్టేందుకు, విశ్రమించేందుకు ఒక గది. ఆ గదికి నీటివైపు నడుమ కమాను, ఇరుపక్కల సన్నని భాగాలు గల వెనీషియన్ కిటికీ ఉంది. ఇంట్లోని స్త్రీలు ఎండ ముఖానికి తగలకుండా ఆ కిటికీ నుంచే గాలం వేయడానికి వీలుగా దానిని అమర్చారు. లోపలి అలంకరణలో కూడా నీటికి, చేపలకు సంబంధించిన రూపాలే ఎక్కువ.

ప్రధాన భవనంలోని వెనుకటి సమస్య ఇక్కడ లేదు. ప్రతి భాగం తన పనిని తానే చెబుతుంది. పడవ లోపలికి రావాలి కాబట్టి పక్కన తెరపి ఉంది. నీరు కింద ఉంటుంది కాబట్టి స్నానకుండం కింద ఉంది. గాలం వేయాలి కాబట్టి కిటికీ వెడల్పయింది. వెనీషియన్ కిటికీ పల్లాడియో సంప్రదాయంలో అందరికీ తెలిసిన అలంకారమే. ఎన్నో భవనాలలో అది ముఖానికి నిండుదనం తేవడానికి మాత్రమే ఉంటుంది. ఇక్కడ అదే అలంకారానికి ఒక చేయి, ఒక గాలం, ఒక మధ్యాహ్నం అర్థం కల్పించాయి. శాస్త్రీయ రూపమూ నిత్య వినియోగమూ విడదీయరానంతగా కలిసిన చోటు కెడిల్‌స్టన్‌లో ఏదైనా ఉందంటే అది ఈ మండపమే.

పెద్ద భవనంలో ఆడమ్‌కు బ్రెటింగ్‌హామ్ పునాదులు, పెయిన్ ముఖం, పల్లాడియో పథకం, యజమాని ప్రదర్శనేచ్ఛ అన్నీ ముందే ఉన్నాయి. మండపంలో అతనికి ఒక ఒడ్డు, కొంత నీరు, మూడు అవసరాలు మాత్రమే దొరికాయి. అతని ప్రతిభ ఈ చిన్న పరిధిలోనే స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకున్నదన్న నిర్ణయానికి రావడానికి ఈ పోలిక ఆధారం.

అయితే ఈ మండపాన్ని నిర్దోషమైన అందంగా మాత్రమే చూడడం కూడా పొరపాటే. దాని ముందున్న సరస్సు, చుట్టూ ఉన్న పచ్చిక, ప్రశాంతత సహజంగా ఏర్పడినవి కావు. కొత్త సౌధానికీ ఉద్యానానికీ అడ్డు కాకూడదని పాత కెడిల్‌స్టన్ గ్రామాన్ని దూరానికి తరలించారు. ప్రజలు నడిచే రహదారిని కూడా మళ్ళించారు. కదలకుండా మిగిలినది మధ్యయుగాల నాటి ఆల్ సెయింట్స్ చర్చి ఒక్కటే. ఊరు పోయి గుడి మాత్రం సౌధం పక్కన ఒంటరిగా నిలిచిన దృశ్యం సందర్శకులకు నేడు సుందరంగా తోస్తుంది. ఒకప్పుడు అక్కడ ఇళ్ళ వరుసలు ఉండేవన్న సంగతికి ఆ ఒంటరితనమే సాక్ష్యం. గాలం వేసే కిటికీ ముందు ఖాళీని సృష్టించడానికి ఎవరి వాకిళ్ళో చెరిగిపోయాయి.

6. భారతదేశంలో ఈ నమూనా

కెడిల్‌స్టన్ పథకం ఇంగ్లండులో సగంతో ఆగిపోయినా, భారతదేశంలో పూర్తి రూపం పొందింది. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఆజ్ఞతో 1799 - 1803 మధ్య కలకత్తాలో నిర్మితమైన గవర్నమెంట్ హౌస్‌కు కెడిల్‌స్టన్ నమూనా. దానిని రూపొందించిన చార్లెస్ వయట్ బెంగాల్ ఇంజనీర్ల దళంలో అధికారి. కెడిల్‌స్టన్ పనిని పర్యవేక్షించిన శామ్యూల్ వయట్ కూడా అదే కుటుంబానికి చెందినవాడు. కలకత్తాలో నాలుగు మూలలా నాలుగు పార్శ్వ భవనాలు లేచాయి. వంపు నడవలు ఉక్కపోతలో గాలి ఆడడానికి పనికివచ్చాయి. ఇంగ్లండు చలిలో ఇబ్బందిగా ఉన్న పథకం ఇక్కడి వాతావరణంలో కొంత సార్థకమైంది.

మార్పు వంటశాల దగ్గర వచ్చింది. కెడిల్‌స్టన్‌లో వంటశాలకు కనీసం ఒక పార్శ్వ భవనం, యజమాని భవనంతో సమానమైన ముఖం దక్కాయి. కలకత్తాలో నాలుగు పార్శ్వ భవనాలున్నా వంటశాలకు వాటిలో చోటు లేకపోయింది. వంట ప్రధాన భవనానికి బయట ఎక్కడో జరిగేది. పదార్థాలను మోసుకురావలసి వచ్చేది. వైస్రాయ్ డఫరిన్ భార్య ఆ ఇంట వంటగది జాడ కనిపించకపోవడాన్ని హాస్యంగా రాసుకున్నారు. కెడిల్‌స్టన్‌లోనే 1859లో పుట్టి, 1899 నుంచి 1905 వరకు వైస్రాయ్‌గా ఆ నకలు భవనంలో నివసించిన జార్జ్ నథానియల్ కర్జన్ తరువాత ఆ భవన చరిత్రను విపులంగా రచించాడు. సేవ చేసేవారికి వంశసౌధంలో కనీసం మర్యాదపూర్వకమైన ముసుగు ఉండేది. వలస రాజధానిలో ఆ ముసుగు కూడా అవసరం కాలేదు. ఒకే పథకం రెండు సమాజాలలో సేవకుల స్థానాన్ని ఎలా నిర్ణయించిందో ఈ భేదం తెలుపుతుంది.

తెలుగు నేల మీద ఈ ధోరణికి సాక్ష్యం హైదరాబాద్‌లోని కోఠి రెసిడెన్సీ. రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో, శామ్యూల్ రస్సెల్ రూపకల్పనతో, 19వ శతాబ్ది తొలి దశకంలో లేచిన ఈ సౌధం కెడిల్‌స్టన్‌కు నకలు కాదు. కానీ ఉన్నతమైన స్తంభాల ముఖమండపం, దాని వెనుక విశాలమైన దర్బారు హాలు అదే పల్లాడియో పరంపరలోనివి. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా బేగం కోసం అదే ఆవరణలో రంగ్‌మహల్ అనే జనానా ఉండేది. స్తంభాల ముఖమండపం నేటికీ నిలిచి ఉంది. రంగ్‌మహల్‌ను 19వ శతాబ్దిలోనే పడగొట్టారు. రెసిడెంట్ ఇంటిలో ఇల్లు అనదగినది ఏదైనా ఉంటే అది జనానాయే. దర్బారును కాపాడుకుని జనానాను పోగొట్టుకున్న ఆవరణలో దొరల అధికార చరిత్ర చదవవచ్చు. ఒక స్త్రీ జీవితం మాత్రం చదవడానికి గోడలు మిగలలేదు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. కెడిల్‌స్టన్ ప్రధాన భవనం నివాసం కోసం కాక ప్రదర్శన కోసం రూపొందింది. జాన్సన్ విమర్శను ఈ కోణంలో చదివినప్పుడు అది యజమాని ఉద్దేశానికి యథార్థ వర్ణన అవుతుంది.

2. నివాస ధర్మాన్ని తూర్పు పార్శ్వ భవనం, పోషణ ధర్మాన్ని పడమటి పార్శ్వ భవనం మోశాయి. బయటి సౌష్ఠవం ఆ రెండింటి మధ్యనున్న అంతరాన్ని కప్పిపుచ్చింది.

3. రూపానికీ వినియోగానికీ పొత్తు కుదిరిన ఉత్తమ నిర్మాణం సరస్సు ఒడ్డునున్న మండపం. అయితే దాని ప్రశాంతతకు ఒక ఊరి తరలింపు వెల అయింది.

4. ఈ నమూనా కలకత్తాకు చేరినప్పుడు పార్శ్వ భవనాల సంఖ్య పెరిగింది. వంటశాల మాత్రం బయటికి పోయింది. హైదరాబాద్‌లో దర్బారు నిలిచింది, జనానా నశించింది.

1987లో కెడిల్‌స్టన్ హాల్ నేషనల్ ట్రస్ట్ సంరక్షణలోకి వచ్చింది. నేడు సందర్శకులు అలబాస్టర్ స్తంభాల నడుమ తిరుగుతారు. పాత వంటశాలలో వారికి ఫలహారాలు దొరుకుతాయి. కర్జన్ వంశీయులకు నివాసం తూర్పు పార్శ్వ భవనంలోనే కొనసాగింది. రెండు శతాబ్దాలకు పైగా గడిచినా నడుమ ఉన్నది చూడడానికే, పక్కన ఉన్నది బ్రతకడానికే అన్న ఏర్పాటు మారలేదు. చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థలు, వాటిని వివరించే విమర్శకులు ముఖమండపానికి ఇచ్చే శ్రద్ధలో కొంత భాగమైనా వంటశాలకు, పడవశాలకు, జనానాకు ఇవ్వవలసి ఉంది. ముందుగా కూలిపోయేవి అవే. అవి కూలిన తరువాత మిగిలే సౌధం ఎంత గొప్పదైనా, అందులో ఎవరు ఎలా బ్రతికారో చెప్పలేదు.